తుప్పు బాబాయి సగం వంతెన

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతాల రోజున ఆఫీసు గుమాస్తా తప్ప దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. ఊరందరికీ ఆయన తుప్పు బాబాయి. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా బాబాయే అనేవాళ్ళు, ఆయనా పలికేవాడు. ఏటి మీద ఇనుప వంతెనకి రంగు వెయ్యడం ఆయన ఉద్యోగం. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో ఎర్రటి పొడి, బట్టల్లో టర్పెంటైన్ వాసన. పెళ్ళైన కొత్తలో భార్య ఆ వాసనకి ముక్కు మూసుకుని వడ్డించేది. కొన్నేళ్ళకి ఆ వాసన వేళకి గుమ్మంలోకి రాకపోతే కంగారుపడి కిటికీలోంచి తొంగిచూడటం మొదలుపెట్టింది.

వంతెనకి ఒకసారి రంగు వేస్తే అయిపోతుంది అనుకుంటారు తెలియనివాళ్ళు. ఎక్కడ అయిపోతుంది? ఇటు చివర మొదలుపెట్టి పని ముగించేసరికి మొదలుపెట్టిన చోట మళ్ళీ తుప్పు మొలిచి పలకరిస్తుంది. తీగ బ్రష్షుతో గీకాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, ఎర్ర పూత ఆరనివ్వాలి, దాని మీద బూడిదరంగు పూయాలి. నడుముకి బెల్టు బిగించి, తాళ్ళకి వేలాడే పలక మీద కూర్చుని, కింద ఏరు, పైన లారీల దడదడ, మధ్యలో గాలికి ఊగుతూ చెయ్యాలి. ముప్పై ఏళ్ళకి పైగా ఆ పని చేసిన మనిషి కాబట్టి ఆయనకి ప్రతి రివెట్టూ పరిచయమే. ఫలానా దూలం కింద నీళ్ళు నిలుస్తున్నాయి, ఫలానా అతుకు చలికాలంలో మూలుగుతోంది అని భోజనాల దగ్గర చెప్పేవాడు. "మీ నడుంనొప్పి ఎప్పుడు మొదలైందో మీకు గుర్తుండదు గానీ, దాని జబ్బులన్నీ కంఠతా," అని భార్య దెప్పేది.

చిత్రమేమిటంటే ఆయన రంగు వేసింది మొత్తం వంతెనకి కాదు, సగానికే. ఏరు సరిహద్దు. ఇవతలి గట్టు ఈ దేశానిది, అవతలి గట్టు ఆ దేశానిది. ఇది చిన్న దేశం, అది పెద్ద దేశం. వంతెన నడిమధ్యలో అడ్డంగా ఒక ఇత్తడి పట్టీ ఉండేది. పట్టీకి ఇవతల ఈయన, అవతల వాళ్ళ మనిషి. ఈయన బ్రష్షు వేలెడంత అటు దాటినా రెండు రాజధానుల మధ్య ఘాటైన ఉత్తరాలు నడుస్తాయి. నిజంగానే ఒకసారి నడిచాయి. గాలికి ఒలికిన ఒక డబ్బా బూడిదరంగు గురించి ఇద్దరు మంత్రులు సంతకాలు పెట్టారంటే వాళ్ళకి ఎంత తీరికో చూడండి.

ఏటా ఎండలు ముదిరే వేళకి ఇద్దరు పనివాళ్ళూ ఎవరి గట్టు నుంచి వాళ్ళు రంగు వేసుకుంటూ పట్టీ దగ్గరికి చేరేవాళ్ళు. మొదట తలలూపుకున్నారు. తర్వాత ఒకళ్ళ యాసని ఒకళ్ళు వెక్కిరించుకున్నారు, ఎందుకంటే రెండు గట్ల మీదా మాట ఒకటే, సాగదీసే తీరే వేరు. తర్వాత క్యారేజీలు మార్చుకున్నారు. అలా మార్చుకుంటూ మార్చుకుంటూ ఒక ఏడాది, ఇద్దరూ ఏటి మీద పలకల మీద వేలాడుతుండగానే, అవతలాయన కొడుక్కి ఇవతలాయన కూతురిని ఇచ్చే మాట అనేసుకున్నారు. పైన కాపలా ఉన్న రెండు దేశాల సిపాయిలూ అదంతా విని నవ్వారట. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు బావగారు.

అమ్మాయి ఒక్కతే సంతానం. అటు వెళ్ళినా పెద్ద దూరం అనిపించలేదు. శనివారం సాయంత్రం సంచి భుజాన వేసుకుని వంతెన మీద నడిచి వచ్చేది, ఆదివారం సాయంత్రం నడిచి వెళ్ళేది. మనవడు పుట్టాక వాణ్ణి ఎత్తుకుని వచ్చేది. పట్టీ దాటేటప్పుడు వాడికి, "ఇదిగో, ఇక్కడిదాకా ఆ తాత రంగు, ఇక్కడి నుంచి ఈ తాత రంగు," అని చూపించేది. వాడికి రెండూ ఒకే బూడిదరంగు.

ఇప్పుడు దేశం సంగతి చెప్పుకోవాలి. చెప్పుకోవాలంటే నాకే ఒళ్ళు మండుతుంది, అయినా తప్పదు.

తాతల కాలంలో ఈ దేశం ఒక పక్షాన నిలబడింది. యుద్ధం వచ్చింది. వెనకాల ఉన్నాం అన్నవాళ్ళు వెనకాలే ఉండిపోయారు, రెండు సైన్యాలూ ఈ పొలాల మీదుగానే నడిచాయి. ఆ దెబ్బ తిన్నాక పెద్దలు ఒక నిర్ణయానికొచ్చారు: ఇక ఎవరి పంచనా చేరొద్దు. ఎవరినీ భయపెట్టకపోతే మన మీదకి రావలసిన అవసరం ఎవరికీ ఉండదు. అదీ వాళ్ళ లెక్క. ఆ లెక్క రెండు తరాలు బాగానే నడిచింది. పడమటి దేశాలు కొన్ని కలిసి కూటమి కట్టి, మాలో ఏ ఒక్కరి మీద చెయ్యి పడినా అందరి మీదా పడ్డట్టే అని ఒప్పందం రాసుకుని, ఇటొచ్చి మీరూ చేరండి అని పిలిచినా, ఈ దేశం నవ్వి ఊరుకుంది. గోడమీద పిల్లి అని అందరూ ఎగతాళి చేశారు. గోడ మీదైనా పిల్లి హాయిగానే పడుకుంది.

అప్పుడు ఏటి అవతలి పెద్ద దేశం, తన అవతలి సరిహద్దులో ఉన్న ఇంకో చిన్న దేశం మీద పడింది. అది కూడా ఈ దేశంలాగే ఎవరితోనూ చేరనిది. దాన్ని ఆదుకోవడానికి ఎవరూ రాలేదు, ఎందుకంటే వస్తామని ఎవరూ రాసివ్వలేదు. ఆ వార్త విన్న రోజు ఈ ఊళ్ళో రొట్టెల కొట్లన్నీ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యాయి.

తుప్పు బాబాయి బావమరిది, అంటే భార్య తమ్ముడు, బజారులో సెలూన్ నడిపేవాడు. ఊరి రాజకీయమంతా ఆ రెండు కుర్చీల్లోనే నడిచేది. కూటమిలో చేరాలా వద్దా అని ప్రభుత్వం ఓటు పెట్టగానే ఆ సెలూన్లో గడ్డాలు గీయడం తగ్గి వాదనలు ఎక్కువయ్యాయి.

"ఒంటరిగా పోయేవాడి జేబే కొడతారు బావా," అన్నాడు బావమరిది, కత్తి గాలిలో ఊపుతూ. "పదిమందితో కలిసి పోతే ఎవడూ దగ్గరికి రాడు. ఆ చిన్న దేశం చేరి ఉంటే దాని గతి అలా అయ్యేదా?"

"ఆ పదిమందికీ పది తగాదాలుంటాయిరా," అన్నాడు నురగ పట్టించుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి. "ఎక్కడో సముద్రం అవతల వాళ్ళలో ఒకడికి ఒళ్ళు మండితే, నీ కొడుకు తుపాకీ పట్టుకుని పోవాలి. పైగా మనకి కష్టం వస్తే వాళ్ళు వస్తారని ఏమిటి నమ్మకం? మా తాతా అలాగే నమ్మాడు."

"రాసుకున్నాక రారా?"

"పెళ్ళిలో కూడా రాసుకుంటారు నాయనా. నీ సంగతి నాకు తెలియదా?"

అందరూ నవ్వారు. బావమరిది భార్య పుట్టింటికి వెళ్ళి ఏడాది దాటింది. తుప్పు బాబాయి కూడా నవ్వాడు గానీ, ఆయన ఆలోచన అంతా వంతెన మీదే ఉంది. ఆ ఏడాది పట్టీ దగ్గర బావగారితో జరిగిన మాటలు ఆయనకి మింగుడుపడలేదు.

"మీవాళ్ళు అందులో చేరతారటగా?" అని అడిగాడు బావగారు, క్యారేజీ మూత తీస్తూ.

"మీవాళ్ళు పాపం ఆ దేశం మీద పడ్డారు కాబట్టే కదా బావగారూ."

"మావాళ్ళు ఊరికే పడ్డారా? అది ఆ కూటమిలో చేరబోతోందని టీవీలో రోజూ చెప్పారు. చేరిపోతే వాళ్ళ ఫిరంగులు మా గుమ్మంలో ఉంటాయని చెప్పారు. మా ఆవిడకి అప్పట్నుంచీ నిద్ర లేదు. ఇప్పుడు మీరూ చేరితే?"

"మేం మీ మీదకి ఎందుకొస్తాం?"

"మీరు రారు. మీ వెనకాల వచ్చేవాళ్ళ సంగతి మీకు తెలుసా?"

తుప్పు బాబాయికి తెలియదు. అవతలివాళ్ళ భయం చూసి ఇవతలివాళ్ళు భయపడుతున్నారు, ఇవతలివాళ్ళ భయం చూసి అవతలివాళ్ళు. మొదట భయపడిందెవరో తేలిస్తే తప్ప ఇది ఆగదు, అది తేలదు. ఇద్దరూ క్యారేజీలు మార్చుకుని తిన్నారు. తిన్నాక బావగారు చేతులు కడుక్కుంటూ, "మీరు ఎటు ఓటేసినా నాకు కోపం రాదు," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటేనే బాగుండేది.

ఇంట్లో భార్య తేల్చి చెప్పేసింది. "పిల్ల అటుంది. మీరు వద్దు అనే వెయ్యాలి."

ఆయన సరే అన్నట్టు తలూపి, వెళ్ళి చేరాలి అని వేసొచ్చాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషే గానీ, కడుపులో ఏదీ దాచుకోలేడు. ఆ సాయంత్రమే చెప్పేశాడు.

"పిల్ల అటుంటే అటువాళ్ళ మీద ఓటేసొచ్చారా?" ఆవిడ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"వాళ్ళ మీద కాదే. మన వెనకాల ఎవరో ఉన్నారని తెలిస్తే వాళ్ళు చెయ్యెత్తరు. చెయ్యెత్తకపోతే వంతెనకి ఏమీ కాదు. వంతెన ఉంటే పిల్ల వస్తూ పోతూ ఉంటుంది. పిల్ల కోసమే వేశాను."

"మనం తలుపుకి గడియ పెట్టుకుంటున్నాం అనుకుంటాం. అవతల ఉన్నవాళ్ళకి మనం లోపల కత్తులు నూరుతున్నట్టు ఉంటుంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఉన్నారే, ఒక్కళ్ళకి తట్టదా?"

ఆవిడ అనుకున్నట్టు ఎవరికీ తట్టక కాదు. అందరికీ తట్టింది. తట్టినా, గడియ పెట్టుకోకుండా పడుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఓట్లు లెక్కపెట్టారు, దేశం కూటమిలో చేరింది. బావమరిది ఆ రోజు సెలూన్లో అందరికీ టీ పోయించాడు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. పెద్ద దేశం ఏటి గట్టున సిపాయిల్ని పెంచింది. వయసులో ఉన్నవాళ్ళని పిలిచి యూనిఫారాలు ఇచ్చింది, అందులో అల్లుడు ఒకడు. వాడు కరెంటు పని చేసుకునే కుర్రాడు. గట్టిగా తలుపు వేస్తే ఉలిక్కిపడే రకం. అమ్మాయి శనివారాలు రావడం మానేసింది. మా ఆయన సెలవు మీద ఎప్పుడొస్తారో తెలియదు, వచ్చేసరికి ఇంట్లో లేకపోతే ఎలా అని ఫోన్లో చెప్పింది. ఫోన్లు రెండు వైపులా వింటున్నారని ఊరంతటికీ తెలుసు. అందుకని తల్లీకూతుళ్ళు మనవడి పళ్ళ గురించీ దగ్గు గురించీ మాత్రమే మాట్లాడుకునేవాళ్ళు.

ఇదిలా ఉండగా వంతెన దగ్గరికి మిలటరీ ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళ పెద్ద ఒక కెప్టెన్, ఆడపిల్ల, మన అమ్మాయి వయసే ఉంటుంది. వచ్చీ రావడంతోనే తుప్పు బాబాయి దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది.

"ఈ వంతెన గురించి తెలుసుకోవాలంటే మిమ్మల్నే అడగాలన్నారు బాబాయ్ గారూ. దీనికి ఎక్కడెక్కడ ఎక్కువ బాధ?"

బాధ అంది. ఆ ఒక్క మాటకి ఆయన కరిగిపోయాడు. పాడైపోయిన పలకలు మార్చండి, కింది దూలాలకి కొత్త ఇనుము వెయ్యండి అని ఆయన పై ఆఫీసుకి మొరపెట్టుకుని మొరపెట్టుకుని గొంతు అరిగిపోయింది. అక్కడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. కూటమిలో చేరాక డబ్బులొస్తాయని, రోడ్లూ వంతెనలూ బాగుచేస్తారని పేపర్లో రాశారు. అదే కాబోలు అనుకున్నాడు. డాక్టరు దగ్గరికి వాళ్ళమ్మని తీసుకొచ్చిన కొడుకులాగా, దాని నొప్పులన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఈ దూలం లోపల నీళ్ళు నిలిచి పలచబడింది. ఈ అతుకు మీదే రెండు వైపుల బరువూ ఆనుతుంది, ఇది పోతే పక్కది ఆగదు. ఈ స్తంభం మీద ఉన్న దిమ్మ ఎప్పుడో పగిలింది, పైకి రంగు వల్ల కనపడదు. పలక మీద కూర్చోబెట్టి ఆమెని కిందికి దింపి మరీ చూపించాడు. సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. ఇంటికెళ్ళి, "ముప్పై ఏళ్ళకి దానికి మంచి రోజులొచ్చాయే," అని భార్యతో చెప్పాడు. ఆవిడ కూడా సంతోషపడింది.

కొన్నాళ్ళకి లారీల్లో సామాను దిగింది. అందులో ఇనుప పలకలు లేవు. బూడిదరంగు పెట్టెలున్నాయి, వాటి నుంచి వైర్లు. ఆయన సుద్దతో గుర్తు పెట్టిన ప్రతి చోటా ఒక పెట్టె బిగించారు.

ఆయన కెప్టెన్ దగ్గరికి నడిచి వెళ్ళాడు. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"పేల్చాలని కాదు బాబాయ్ గారూ. పేల్చగలిగి ఉండాలి. వాళ్ళ ట్యాంకులు రావాలంటే దీని మీదుగానే రావాలి. కూటమిలో చేరేటప్పుడు మనం ఒప్పుకున్నదే ఇది. మేం వచ్చేదాకా మీ గుమ్మం మీరు కాచుకోండి, తర్వాత మేం చూసుకుంటాం అని కూటమివాళ్ళు అన్నారు."

"వాళ్ళు ఎంతసేపట్లో వస్తారమ్మా?"

"వస్తారు," అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, "ఈ విషయం మీ ఇంట్లో కూడా తెలియకూడదు. బయటికి పొక్కితే, పేల్చేలోపు వంతెన పట్టుకుందామని వాళ్ళే ముందు బయల్దేరతారు. మీ అమ్మాయి అటువైపే ఉందట కదా. తుపాకులు పేలితే ముందు ఎవరి ఇళ్ళు పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు," అంది.

ఆమె బెదిరించలేదు. నిజమే చెప్పింది. నిజం కాబట్టే ఆయన తలూపి వచ్చేశాడు. మర్నాటి నుంచి ఆ పెట్టెలు అటువైపు నుంచి కనపడకుండా వాటి మీదా బూడిదరంగు వెయ్యమన్నారు. వేశాడు. ఇంటికొచ్చి తిండి సరిగ్గా తినలేదు. భార్య ఏమైందని అడిగితే ఎండ అన్నాడు. కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి అది మాత్రం దాచాడు.

ఆ నెలాఖరులోనే సరిహద్దు మూసేస్తున్నామని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. ఎటు పోవాలనుకున్నవాళ్ళు అటు పోవచ్చు, మళ్ళీ తిరిగి రావడానికి మాత్రం ఉండదు. ఆఖరి రోజు మధ్యాహ్నం పట్టీ దగ్గర నిలబడి మాట్లాడుకోవచ్చు, ఇవతలి నుంచి ఇంటికొకరికే అనుమతి. వంతెన మనిషి కాబట్టి ఆయనే వెళ్ళాడు. భార్య మనవడి కోసం అల్లిన స్వెట్టరు ఇచ్చి పంపింది.

పట్టీ అవతల అమ్మాయి, చంకలో పిల్లాడు, పక్కన సంచి పట్టుకుని బావగారు. ఇటు ఇద్దరు సిపాయిలు, అటు ఇద్దరు సిపాయిలు, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో. ఆ సంచి చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. పిల్ల తేల్చుకోలేక సర్దుకునే వచ్చింది. ఒక్క అడుగు వేస్తే ఇటు.

"వచ్చెయ్యమ్మా," అన్నాడు.

"ఆయన్ని వదిలేసి ఎలా నాన్నా? వచ్చే నెల సెలవిస్తారట. ఆయన వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే పిచ్చెక్కిపోతారు."

"అయినా వచ్చెయ్యి."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఏంటి నాన్నా?" అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. "ఈ మూసివేతలు ఎన్నాళ్ళుంటాయి, మళ్ళీ తెరుస్తారు. ఇది వంతెనే కదా, గోడ కాదు కదా. అందరూ ఏదేదో అంటున్నారు. వాళ్ళ మాట నాకొద్దు, నువ్వు చెప్పు. వంతెన ఉంటుందా? ఉంటుందంటే ఆయన కోసం ఇక్కడే ఆగుతా. ఉండదంటే ఇప్పుడే వచ్చేస్తా."

నలుగురు సిపాయిలూ వింటున్నారు. ఉండదమ్మా అన్న ముక్క గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే అటు సిపాయిలు విని పరిగెడతారు. ట్యాంకులు బయల్దేరతాయి. వాటి దారిలో మొదటి వీధిలోనే అమ్మాయి అత్తవారిల్లు, అందులో వియ్యపురాలు, ఎక్కడో ముందు వరసలో అల్లుడు. అనకపోతే అమ్మాయి అటే ఉండిపోతుంది. ఆయన సాయం కోసం బావగారి వైపు చూశాడు. బావగారు తల దించుకుని తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. ఆయన్నీ అటువైపు ఎవరో వచ్చి, మీ సగానికి ఎక్కడెక్కడ బాధ అని అడిగే ఉంటారని ఈయనకి ఆ క్షణంలో అర్థమైంది.

"ఉంటుందిలే తల్లీ," అన్నాడు తుప్పు బాబాయి.

అమ్మాయి మొహం విప్పారింది. స్వెట్టరు తీసుకుంది. పిల్లాడి చెయ్యి పట్టుకుని తాతకి టాటా చెప్పించింది. బావగారు సంచి అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకుని ఆమె వెనకాలే నడిచాడు, ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఈయన ఇంటికొచ్చి, "రానంది," అని భార్యకి చెప్పాడు. "మొగుడి కోసం ఆగుతుందట." అది అబద్ధం కాదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "దాని సంసారం దానిది. ఎన్నాళ్ళు మూస్తారులెండి," అంది.

వంతెన ఒక పొద్దున, అందరూ టీలు తాగే వేళ పేలిపోయింది. గిన్నెలు గూట్లోంచి కింద పడ్డాయి. ఆయన చెప్పులు లేకుండానే గట్టుకి పరిగెత్తాడు. ఆయన రంగేసిన సగం ఏట్లో మోకాళ్ళు విరిగి కూలబడి ఉంది. అవతలి సగం కాసేపు నిలబడి, ఆధారం లేక అదీ ఒరిగిపోయింది. అవతలి గట్టున జనం చేరారు. అంత దూరం నుంచి మొహాలు ఆనవు. ఒక ఆడమనిషి పిల్లాణ్ణెత్తుకుని ఉన్నట్టు అనిపించింది, కాదేమో అనీ అనిపించింది. ఆ రోజే ఫోన్లూ ఆగిపోయాయి.

ఎందుకు పేల్చారంటే, అవతలి రోడ్డు మీద లారీల వరస ఒకటి ఏటి వైపు వస్తోందని ఎవరికో కనపడింది. ఇక్కడివాళ్ళు కూటమి పెద్దల్ని అడిగారు. ఇంకో దేశంలో, ఇంకో గదిలో, ఈ ఏరు ఎలా ఉంటుందో కూడా తెలియనివాళ్ళు, ఆలస్యం చెయ్యకండి అన్నారు. ఆ లారీల్లో ఉన్నవి పిండి బస్తాలని తర్వాత చెప్పుకున్నారు. బస్తాల కింద తుపాకులున్నాయని ఇంకొందరన్నారు. యుద్ధం మాత్రం రాలేదు.

"చూశారా, చేరాం కాబట్టే రాలేదు," అన్నాడు బావమరిది సెలూన్లో. చేరకపోయినా వచ్చేది కాదని కుర్చీలో ఉన్న పెద్దమనిషి అన్నాడు. ఎవరి మాట నిజమో తేల్చాలంటే చేరకుండా ఇంకోసారి బతికి చూడాలి, అది ఎవరి తరమూ కాదు. అందుకని ఇద్దరూ గెలిచినట్టే ఉండేవాళ్ళు. తుప్పు బాబాయి గడ్డం గీయించుకోవడానికి కూడా అటు వెళ్ళడం మానేశాడు. అమ్మాయి ఎలా ఉందో, అల్లుడు సెలవు మీద వచ్చాడో లేదో, ఏ కబురూ లేదు. భార్య రోజూ గట్టు దాకా వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేది.

చలి మొదలయ్యాక ఒక రోజు కెప్టెన్ ఇంటికొచ్చింది. ఆయన పెన్షను పెంచారని చెప్పడానికి, ప్రభుత్వం తరఫున ఒక మెడల్ ఇవ్వడానికి. మంచి పిల్లే. గుమ్మం బయట బూట్లు విప్పి మరీ లోపలికి వచ్చింది. భార్య టీ పెట్టి తెచ్చింది. ఆమె టీ తాగుతూ, పాపం మర్యాద కోసమే, "బాబాయ్ గారు ముందే అన్నీ చూపించకపోయి ఉంటే మాకు చాలా కష్టమయ్యేదమ్మా. ఆయన సుద్దతో గుర్తు పెట్టిన చోట్లే పెట్టాం. ఒక్కటీ వృథా కాలేదు," అంది.

భార్య ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. కెప్టెన్ వెళ్ళాక వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"పిల్లని చూడటానికి వెళ్ళిన రోజుకి మీకు తెలుసా?"

"తెలుసు."

"వంతెన ఉంటుందా అని అడిగిందా?"

"అడిగింది." ఆయన జరిగిందంతా చెప్పాడు. సిపాయిల గురించి, ట్యాంకుల గురించి, కెప్టెన్ అన్న మాటల గురించి, నిజం చెబితే ఏమవుతుందోనని తను ఎంత భయపడ్డాడో అంతా చెప్పాడు.

"నిజం ఎవరు చెప్పమన్నారండీ?" అంది చివరికి. కోపంగా కూడా అనలేదు. "మీ అమ్మకి ఒంట్లో బాలేదు అంటే సరిపోయేది. నేను పోయేలా ఉన్నానని చెప్పాల్సింది. సంచితో సహా వచ్చి నిలబడ్డ పిల్ల, ఒక్క అడుగులో ఇటుండేది. నాకైనా ముందు చెప్పి ఉంటే మంచం పట్టేదాన్ని కాదా, ఫోన్లో మూలిగేదాన్ని కాదా?"

ఆయన మెడల్ని పక్కన పెట్టాడు.

"తట్టలేదే," అన్నాడు. నిజంగానే తట్టలేదు. ఇన్నాళ్ళూ ఆయన ఆ మధ్యాహ్నాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఆ ముక్క తట్టలేదు, ఇప్పుడు ఆవిడ నోట వినేదాకా.

"ఉంటుందని చెప్పడం మాత్రం ఎలా తట్టింది?" అని అడిగింది ఆవిడ.

ఆవిడ జవాబు కోసం చూస్తూ అలాగే కూర్చుంది.